కాకి కూడా పాటపిట్టే

ఈ పొద్దున బాల్కనీ గ్రిల్లు మీద కాకి అరిచింది. "పొద్దుగాల్నే పాట షురూ చేసినవా?" అని మా ఆవిడ వంటింట్లోంచి నన్ను కసిరింది. ఆమె తప్పేం లేదు. నేను కూనిరాగం తీస్తే కట్టంగూర్‌లో బర్రెలు పాలు ఎగబట్టేవి, చిట్యాలలో లారీలు హారన్ అనుకుని పక్కకు తప్పుకునేవి. అటువంటి గొంతుకు ఒక వంశమూ గౌరవమూ ఇచ్చినవారు నర్సయ్య సారు.

ఎనభైలలో నల్లగొండ కాలేజీలో ఆయన మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ఆయన మీసాల్లో రెండు పిచ్చుకల సంసారాలు సుఖంగా ఇమిడేవి. పక్షుల వర్గీకరణ చెబుతుంటే పెండ్లి సంబంధం మాట్లాడుతున్నట్టే ఉండేది. "పేరు జూసి చుట్టరికం కలుపుకోవద్దురా. జెముడుకాకి పేర్లనే కాకి, అసలుకు కోయిల తరఫు" అనేవారు. ఒకనాడు నేను లేచి జవాబు చెప్పబోతే నా దోస్తు యాదగిరి, "సార్, మరి వీడు ఏ తరఫు? అచ్చం కాకే" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

"అయితే పాటపిట్టే" అన్నారు సారు, నవ్వకుండా. "గొంతుల పాటపెట్టె ఎట్లున్నదో జూడు, కాకికీ పిచ్చుకకూ ఒక్కతీరే. పిచ్చుక, గోరింక, కాకి ఒక్క తాత మనుమలు. కోయిల ఎంత మంచిగ పాడినా గా ఇంట్ల జాగ లేదు."

"కాకి పాడదు గద సార్?" అన్నాను.

"సామాను ఉన్నది. పాడుడు, పాడకపోవుడు దాని ఇష్టం."

అంతటితో ఆగక, వార్షికోత్సవంలో ప్రార్థనగీతానికి నా పేరు రాయించారు. వేదిక మీద నాకు పట్టిన చెమటకు మూసీకి వరద వచ్చింది. దిగి పారిపోయాను. "ఫికర్ లేదు. ఎప్పుడో ఒకనాడు పాడుతవు, నేను నీ పాట ఇంట" అన్నారు సారు. ఆ తర్వాత ఆయన అడిగినప్పుడల్లా రేపన్నాను.

తొంభైలలో తిరుమలగిరిలో సారు పోయారు. మూడోనాడు పిట్టకు పెట్టారు. ఆయనకిష్టమైన మాంసం, సర్వపిండి విస్తట్లో ఉంచి, కాకి ముడితేనే పోయినవారికి తృప్తి అని అందరం ఎండలో నిలబడ్డాం. ఒక్క కాకీ రాలేదు. "బాపూ, నీ బర్రెను అమ్మం" అన్నాడు కొడుకు. రాలేదు. "స్కూటర్ గూడ అమ్మం." ఊహూ. అప్పుడు సారు భార్య నావైపు తిరిగింది. "నీ పాట ఇననే లేదని అంటుండె బిడ్డా."

పాడాను. ఆనాటి ప్రార్థనగీతమే. రెండో చరణానికల్లా తిరుమలగిరి చుట్టుపక్కల కాకులన్నీ వచ్చి ఆకాశాన్ని కప్పేశాయి. "సాటి కాకికి ఏదో ఆపతి వచ్చిందనుకున్నయి" అన్నాడు యాదగిరి, కళ్ళు తుడుచుకుంటూ. "చుట్టం పిలిస్తె వచ్చినయి" అంది సారు భార్య. విస్తరి ఖాళీ అయింది.

గ్రిల్లు మీది కాకి మళ్ళీ అరిచింది. నేనూ పల్లవి అందుకున్నాను. వంటింట్లో గిన్నె జారిపడింది. అయినా చరణంలోకి వెళ్ళాను. సామాను ఉన్నది మరి.