పెద్దమ్మ తోటలో పురుగుల కాపలా

ఆ రోజుల్లో నేను ఏం చెప్పినా రైతులు తలూపుతారని నాకు గట్టి నమ్మకం. (చదువు ముగిసి నెల కూడా కాలేదు మరి!) పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి, చండ్రుగొండలో గది కిరాయికి తీసుకుని, వంట చేతగాక బిస్కెట్లతో బతుకుతున్నాను. అప్పుడే ఒక పెద్దమ్మ లేత పామాయిల్ తోటకు గొంగళిపురుగు పట్టింది. భర్త పోయాక ఆమె ఒక్కతే పెంచుకున్న తోట. మట్టలు జల్లెడలైపోతున్నాయి. సగం తోటకు మా కొత్త మందు కొట్టించాను. నా మీద నమ్మకం చాలక, మిగతా సగానికి ఆమె వేపగింజల కషాయం కొట్టించింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఏంది బిడ్డా, నీ మందు తాగి పురుగులు ఇంకింత బలంగ తింటున్నయ్!"

పరుగున వెళ్లాను. "ఇది ఎంటనే చంపే మందు కాదు పెద్దమ్మా. పెరగాలంటే పురుగు కుబుసం విడవాలె గదా, ఈ మందు విడవనియ్యది. గప్పుడు చస్తది," అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు.

"అవ్, గప్పటిదాక నా తోటేసి మేపాల్నా? అవి చచ్చేదాక రోజూ వచ్చి ఈడ్నే కూసో!"

కూర్చున్నాను. మొదటి రోజు కోపంగానే జొన్నరొట్టె, గోంగూర తొక్కు నా ముందు పెట్టింది. రెండో రోజు తలకు నూనె రాసి జడేసింది ("గీ జుట్టు జూస్తే పురుగులు గూడ బెదురుతయ్" అంటూ). అప్పటిదాకా త్వరగా చావమని పురుగుల్ని బతిమాలిన నేను, మూడో రోజు నుంచి, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త నిదానంగా చావమని బతిమాలాను.

ఐదో రోజు పురుగులు సగం విడిచిన కుబుసంలో ఇరుక్కుని మట్టలకు వేలాడుతున్నాయి. గెలిచానని పిలిస్తే, ఆమె నా చెయ్యి పట్టుకుని వేప కొట్టిన వైపుకు లాక్కెళ్లింది. అక్కడా చాలావాటిది అదే తీరు! "మీ కంపెనోళ్లు నా యాపచెట్టు కాడనే సదువుకున్నట్టున్నరు," అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. తోట బతికింది; రేపటి నుంచి నాకిక్కడ పనిలేదు.

"మళ్ల పురుగు వడితే వస్తవ్ గదా?" అంది.

"పడకున్నా వస్తా పెద్దమ్మా."

వెళ్లలేదు. బదిలీ, పెళ్లి, పిల్లలు... సాకులకేం కొదవ?

ఇప్పుడు ఖమ్మం ఆఫీసులో ఉంటాను. మందు కొట్టినా పురుగు చావలేదని ఏ రైతయినా కోప్పడితే ఫోన్లో రెండు ముక్కలు చెబితే సరిపోతుంది. అయినా నేనే బయలుదేరతాను. "మేడమ్‌కి పనంటే ఎంత శ్రద్ధో" అంటారు మావాళ్లు. అలాగే అనుకోనిచ్చి, దారి పొడుగునా పెద్దమ్మ జొన్నరొట్టె తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.