అర్థం చెప్పకుండా పాడించిన జర్మన్ పాట

ఎనభైల మొదట్లో మేము వర్జీనియాలోని షాంటిలీలో ఉండేవాళ్ళం. హైదరాబాదులో కెమిస్ట్రీ చదివే రోజుల్లో రీసెర్చ్ పేపర్లు చదవడానికి జర్మన్ నేర్చుకున్నాను గానీ, ఆ భాషలో ఎవరూ పాడగా వినలేదు. మా ల్యాబ్‌లో పనిచేసే కారల్ వాళ్ళది పెన్సిల్వేనియాలో పూర్వం జర్మన్లు కట్టుకున్న ఒక చిన్న ఊరు. అక్కడ ఏటా వేసవిలో పాటల పండుగ జరుగుతుందనీ, తను కోరస్‌లో పాడుతుందనీ చెప్పి రమ్మంది. ఒక శనివారం పొద్దున్నే నేనూ మా ఆయనా కారులో బయలుదేరాం. రూట్ 15 మీద ఉత్తరానికి వెళ్తే గెటిస్‌బర్గ్ దాటాక రెండువైపులా మొక్కజొన్న చేలే. మొత్తం మూడు గంటల డ్రైవ్. సాయంత్రం ప్రోగ్రాంకి టికెట్ మూడు డాలర్లు, మధ్యాహ్నం రిహార్సల్ మాత్రం ఊరికే చూడొచ్చు.

రిహార్సల్‌లో ముందు మగవాళ్ళు పాడారు. అడవులు, కొండదారులు, ఎవరికీ తలవంచని బతుకు. తర్వాత ఆడవాళ్ళ వంతు. భర్త మాటే నాకు చట్టం, ఎదురు చెబితే కర్రదెబ్బ నాకు న్యాయమే అని చెంపకు చెయ్యి ఆనించి నవ్వుతూ పాడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన తాళం వేస్తున్న మా ఆయనకు అర్థం చెప్పాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"గెస్ట్‌లుగా వచ్చాం, మనకెందుకు? ఊరుకో," అన్నారు.

"ఆ పాట చెప్పేదీ అదేనండీ," అని లేచాను.

బ్రేక్‌లో కారల్‌ని అడిగితే అది ప్రేమపాట అంది. ఆ ఆడవాళ్ళలో ఎవరికీ జర్మన్ రాదు, పలికే తీరును ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రాసుకుని బట్టీ పట్టారు. ఒక్కో లైనూ విప్పి చెబుతుంటే ఆమె ముఖం ఎర్రబడింది. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన కోరస్ మాస్టారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం.

"పాత పాట. ట్యూన్ బాగుంటుంది. మాటలు ఎవరికి అర్థమవుతాయి?" అన్నాడాయన.

"మీకు అర్థమవుతాయి కదా," అన్నాను.

"అందుకే చెప్పలేదు. చెబితే పాడరు," అన్నాడు, ఏమాత్రం తొణకకుండా.

ఆ సాయంత్రం ఆ పాట వంతు వచ్చినప్పుడు కారల్ ముందుకు వచ్చి, నేను చెప్పిన అర్థాన్ని ఇంగ్లీషులో చెప్పింది. కర్ర మాట దగ్గర కొందరు మగవాళ్ళు పగలబడి నవ్వారు. అకార్డియన్ మొదలైంది. ఆడవాళ్ళెవరూ నోరు విప్పలేదు. మాస్టారు మళ్ళీ మళ్ళీ చెయ్యి ఊపాడు. చివరికి అకార్డియన్ కూడా ఆగిపోయింది.

మరుసటి ఏడాది ఆ పాట తీసేశారు. కారల్‌నీ తీసేశారు.

లొంగి ఉండమనే పాటలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి, మనమేం తక్కువ తినలేదు. కానీ ఏం పాడుతున్నారో తెలియనివ్వకుండా, వాళ్ళ నోటితోనే వాళ్ళని లొంగదీయడం తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం చల్లారదు. ఇలాంటి పండుగలకు వెళ్ళే శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడి బంగాళాదుంప అట్లు పంది కొవ్వులో వేయిస్తారు, అదీ అడగందే చెప్పరు, తినేముందు అడగండి.