పాపిడి దారిలో పంతొమ్మిది చుక్కలు

జూన్ రెండో మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఒడెస్సా ప్రూయిట్ ఒక ప్లాస్టిక్ తలను చంకన పెట్టుకుని డెబ్బై తొమ్మిదో వీధి బస్సెక్కింది. తల నిండా కొత్తగా అల్లిన సన్నజడలు. నుదుటి దగ్గర మొదలై, మాడుకు అంటుకునే ఉండి, మెడ దాకా చాళ్లు తీసినట్టు వెళ్లాయి.

డ్రైవరు ఆ తలను చూసి, "మిస్ ఒడెస్సా, ఆవిడ కూర్చుంటుందా, నిలబడుతుందా?" అనడిగాడు.

"కాళ్లు లేని మనిషి ఎక్కడ నిలబడుతుంది నాయనా? నువ్వు రోడ్డు చూసి నడుపు. గతుకుల్లో కిందపడిందంటే నీమీద కేసు పెడుతుంది."

ఆ తల వెళ్తున్నది పిల్లల ఆసుపత్రికి, అక్కడి కుటుంబాల సలహా మండలి సమావేశానికి.

ఒడెస్సాకు యాభై తొమ్మిదేళ్లు. షికాగో దక్షిణాన, నల్లజాతివాళ్లుండే చాతమ్‌లో, జడలల్లే దుకాణం పెట్టి ముప్పై నాలుగేళ్లయింది. ఆ పేటలో బడికెళ్లే ఆడపిల్లల్లో సగం మంది తలలు ఆమె చేతికింద పెరిగినవే. ఆసుపత్రితో పని పడింది మాత్రం మనవరాలు సరయా వల్ల. తొమ్మిదేళ్ల పిల్ల. ఏడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. ఏ మందు ఎంత ఇవ్వాలో తేల్చడానికి అప్పుడప్పుడూ ఈఈజీ తీస్తారు. తలమీద పంతొమ్మిది చోట్ల చిన్న బిళ్లలు జిగురుతో అంటించి, వాటికి తీగలు తగిలించి, మెదడు గీసే గీతలు చదువుతారు.

పేచీ అంతా పరీక్షకు ముందు ఇంటికి పంపే కాగితంలో ఉంది. అందులో మూడో వాక్యం ఇది: 'జుట్టు శుభ్రంగా, విరబోసి ఉండాలి. జడలు, సవరాలు ఉన్నచో పరీక్ష చేయబడదు.' రాసినవాళ్ల ఇంట్లో జడ విప్పడమంటే రిబ్బను లాగడం. సరయా తల అల్లాలంటే ఏడు గంటలు, విప్పాలంటే మూడు గంటలు. విప్పిన జుట్టుకు ఆ జిగురు పట్టి ఉండకడితే దాన్ని వదిలించడానికి ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. కిందటేడు అక్టోబరులో సరయా తల్లి రెనిటా ఆ వాక్యం చదవలేదు. సిటీ బస్సు నడిపే మనిషి, డ్యూటీ దిగి పిల్లను జడలతోనే తీసుకెళ్లింది. వెనక్కి పంపేశారు. మళ్లీ తేదీ దొరకడానికి పదకొండు వారాలు పట్టింది. అందులో మూడో వారం సరయా బడి మెట్లమీద ఫిట్స్ వచ్చి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది.

ఒడెస్సా ఆసుపత్రికి ఉత్తరం రాసింది. నాలుగే వాక్యాలు, తిట్లు లేవు. ఆఖరిది: 'మీ జిగురు మార్చుకోలేకపోతే మీ కాగితమైనా మార్చుకోండి.' వారం తిరక్కుండా ఫిలిస్ లిండ్‌క్విస్ట్ అనే ఆవిడ ఫోను చేసింది. ఆసుపత్రి తరఫున కుటుంబాల మండలిని నడిపేది ఆవిడే. పిల్లలకు అక్కడ వైద్యం చేయించినవాళ్లే అందులో సభ్యులు. జీతం ఉండదు. నెలకోసారి కూర్చుని ఎక్కడ ఏది బాగోలేదో చెప్పాలి, చల్లారిపోయిన శాండ్‌విచ్ తినాలి.

"నోరు మూయించడానికి కుర్చీ వేస్తున్నారే," అంది ఒడెస్సా కూతురితో.

"వెళ్లి కూర్చో అమ్మా. నీ నోటి సంగతి వాళ్లకింకా తెలీదు," అంది రెనిటా.

తీరా వెళ్తే మొదటి మూడు నెలలూ గోడలకు ఏ రంగు వేయాలని అడిగారు. చూయ్ రెంటెరియా విసుగెత్తిపోయాడు. అతను ఇళ్లకు పైకప్పులు వేసే మేస్త్రీ, కొడుకు గుండెకు నాలుగుసార్లు ఆపరేషన్ అయింది. "గోడలు మాకు కనపడితే కదా మేడమ్. రాత్రిళ్లు పిల్లల పక్కన మాకేసే ఆ కుర్చీలో పడుకుంటే తల కిందికి, కాళ్లు పైకి. నాలుగుసార్లూ నేను చూసింది మీ పైకప్పునే. అదీ సరిగ్గా వేయలేదు," అన్నాడు. ఫిలిస్ ఆ మాట యథాతథంగా రాసుకుంది. వేసవి వచ్చేసరికి కుర్చీలు మారాయి. అప్పటినుంచి ఒడెస్సా శాండ్‌విచ్ పూర్తిగా తినడం మొదలుపెట్టింది.

ఇప్పుడు తన వంతు. బల్ల మధ్యలో ప్లాస్టిక్ తలను నిలబెట్టింది. ఆమె ఆలోచన తేలికే. జడకీ జడకీ మధ్య పాపిడి ఉంటుంది, పాపిడిలో చర్మం కనపడుతుంది. బిళ్లకు కావలసింది చర్మమే. కాబట్టి పంతొమ్మిది చోట్లా పాపిడి వచ్చేలా అల్లితే ఏదీ విప్పక్కర్లేదు. బిళ్లల చోట్లు గుర్తు పెట్టిన ఈఈజీ గదివాళ్ల బొమ్మ ఒకటి సంపాదించి, దాన్ని చూసి అల్లుకొచ్చింది.

ఆ రోజు ఈఈజీ గదినుంచి ఓస్ట్రోస్కీని పిలిచారు. ఇరవై ఆరేళ్లుగా బిళ్లలంటిస్తున్న టెక్నీషియన్. జేబులోంచి గుడ్డ టేపు తీశాడు. ముక్కుదూలం నుంచి తల వెనక ఎముక దాకా కొలిచాడు, ఈ చెవి నుంచి ఆ చెవికి కొలిచాడు, ఎర్ర మైనపు పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. అందరూ శాండ్‌విచ్‌లు నమలడం ఆపి చూశారు.

"తొమ్మిది తప్పాయి," అన్నాడు ఓస్ట్రోస్కీ. "సరిగ్గా జడల నడినెత్తిన పడ్డాయి."

"అదెలా కుదురుద్ది? నీ బొమ్మ చూసే కదా అల్లాను?"

"బొమ్మ ఒక తలది. మీ చేతిలో ఉన్నది ఇంకో తల. ఏ తల కొలత దానిదే. మీరు దేంతో కొలిచారు?"

ఒడెస్సా కుడిచెయ్యి ఎత్తి రెండు వేళ్లు చూపించింది. ముప్పై నాలుగేళ్లుగా ఆమె దుకాణంలో అదే కొలత.

చూయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పక్కింటి కప్పు కొలిచి మనింటికి రేకులు కోసినట్టుంది మిస్ ఒడెస్సా. నా దగ్గర పనిచేసే కుర్రాడెవడైనా ఇలా చేస్తే నిచ్చెన తీసేస్తాను."

"నీ రేకులు కదలవు చూయ్. నా తలలు టీవీ చూస్తుంటాయి, చిప్స్ తింటుంటాయి," అంది గానీ, ఆమెకు చెవులు వేడెక్కాయి. ఓస్ట్రోస్కీ చేతిలోంచి టేపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నువ్వు ముందు చుక్కలు పెట్టు. నేను తర్వాత అల్లుతా. అప్పుడు?"

ఓస్ట్రోస్కీ తప్పిన తొమ్మిది చుక్కలనూ వేలితో తడిమాడు. "అప్పుడు కుదరొచ్చు," అన్నాడు.

ఫిలిస్ నరాల విభాగం పెద్ద డాక్టర్ హాలరన్‌తో మాట్లాడి వచ్చింది. డాక్టరు ఒక్క అవకాశం ఇచ్చింది: ఒక పిల్ల, ఒక పరీక్ష. గీతలు శుభ్రంగా వస్తే మూడో వాక్యం మారుస్తారు. రాకపోతే అక్కడే జడలు విప్పి పరీక్ష పూర్తిచేస్తారు, వాక్యం ఉన్నచోటే ఉంటుంది.

పిల్లెవరన్న ప్రశ్న రాలేదు. సరయా పరీక్ష ఆగస్టులో ఒక మంగళవారం పడింది. ఆ శనివారమే బడులు తెరిచే ముందు ఏటా కింగ్ డ్రైవ్ మీద జరిగే ఊరేగింపు. సరయా అందులో కవాతు చేసే డ్రిల్ జట్టులో ఉంది. కిందటేడు ఒంట్లో బాగోక ఊరేగింపును తాతగారి భుజాలమీంచి చూసింది. ఈ ఏడు మూడో వరుసలో ఎడమ చివర ఆమెది. జట్టులో ఇరవై ఇద్దరు పిల్లలు, అందరికీ ఒకే అల్లిక, చివర ఎర్రపూసలు. ఇరవై రెండు తలలూ ఆ వారం ఒడెస్సా, ఆమె దగ్గర పనిచేసేవాళ్లూ కలిసి అల్లాలి. ఏ తలనూ రెండోసారి అల్లే వ్యవధి లేదు.

"విప్పాల్సొస్తే?" అంది సరయా.

"విప్పాల్సొస్తే టోపీ పెడతా."

"డ్రిల్ జట్టులో టోపీలుండవు అమ్మమ్మా."

"తెలుసే. అందుకే విప్పాల్సి రాకూడదు."

పరీక్షకు ముందురోజు సోమవారం. సోమవారాలు దుకాణానికి సెలవే అయినా, ఓస్ట్రోస్కీ వస్తున్నాడని తెలిసి నలుగురు ఆడవాళ్లు ఏదో ఒక వంక పెట్టుకుని ముందే వచ్చి కూర్చున్నారు. అందరికంటే పెద్దది మిస్ అర్లీన్. పోస్టాఫీసులో రిటైరైంది, డెబ్బై ఒకటి దాటింది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పనిచేయకపోయినా దాని కిందే కూర్చుంటుంది.

ఓస్ట్రోస్కీ తలుపు దగ్గర బూట్లు తుడుచుకుని, టేపు తీసి, సరయా వెనక నిలబడ్డాడు.

"దర్జీని పిలిపించావేంటే ఒడెస్సా?" అంది మిస్ అర్లీన్. "పిల్లకు తలకాయ కుట్టిస్తున్నావా?"

"ఈయన ఇరవై ఆరేళ్లుగా పిల్లల తలలు కొలుస్తున్నాడంట."

"ఇరవై ఆరేళ్లా? ఒక్క జడైనా వెయ్యడం వచ్చా బాబూ?"

"రాదండీ," అన్నాడు ఓస్ట్రోస్కీ.

"మరి మా పిల్లలవి విప్పమనడం ఎవరు నేర్పారు?"

దుకాణమంతా గొల్లుమంది. ఓస్ట్రోస్కీ మెడ ఎర్రబడింది. చుక్కలు మాత్రం తప్పకుండా పెట్టుకుంటూ పోయాడు. పంతొమ్మిదోది పెట్టి పెన్సిలు జేబులో వేసుకుని, "నేర్పితే నేర్చుకుంటాను," అన్నాడు.

ఒడెస్సా అతనికి ప్లాస్టిక్ తల ఇచ్చి, మూడు పాయలు చేతిలో పెట్టి, సరయా వైపు తిరిగింది. దువ్వెన తోకతో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పాపిడి తీసింది. రెండు వేళ్ల కొలత రెండుసార్లు చేతికి అడ్డొచ్చింది. రెండుసార్లూ విప్పి మళ్లీ మొదలుపెట్టింది. పాపిళ్లు తిన్నగా రాలేదు. చెవి వెనక ఒకటి వంగింది, నడినెత్తిన రెండు కలుసుకుని మళ్లీ విడిపోయాయి. మిస్ అర్లీన్ లేచొచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇదేదో బాగుందే. నాకూ ఇలాగే అల్లు."

"నీకు ఫిట్స్ లేవుగా?"

"అందానికి ఫిట్స్ ఎందుకే?"

నాలుగు గంటలు గడిచాక ఓస్ట్రోస్కీ తన జడను సరయాకు చూపించాడు. సగం దూరం అల్లాడు. సరయా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది జడ కాదు, ముడి," అంది. "కానీ మొదటిదానికి పర్లేదు. అమ్మమ్మ నన్ను ఇంతకంటే ఎక్కువ తిట్టింది." అతను వెళ్తూ వెళ్తూ ఒక్క జాగ్రత్త చెప్పాడు: పూసలు పరీక్షయ్యాకే పెట్టాలి, అవి కదిలితే గీతలన్నీ గెంతుతాయి.

మంగళవారం ఉదయం ఈఈజీ గదిలో ఒడెస్సా గోడవారగా, కొత్త కుర్చీలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఓస్ట్రోస్కీ ఒక్కో బిళ్లా పాపిడిలో అంటించాడు. తెరమీద ప్రతి బిళ్లకూ ఒక అంకె పడుతుంది. ఐదుకు లోపుంటే బిళ్ల చర్మానికి బాగా అంటినట్టు. మూడు, రెండు, నాలుగు, మూడు. ఒడెస్సా ఒక్కో అంకెకూ తల ఊపుతూ వచ్చింది. పద్దెనిమిది అయ్యాయి.

పంతొమ్మిదోది తల వెనక కుడివైపు. తెరమీద ఇరవై రెండు పడింది.

ఓస్ట్రోస్కీ నొక్కి చూశాడు. ఇరవై. మళ్లీ తీసి అంటించాడు. ఇరవై ఒకటి. ఆ గీత ఒక్కటీ గడ్డి పీకినట్టు గజిబిజిగా ఉంది. డాక్టర్ హాలరన్ తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో కాఫీ.

"పాప రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుందా?" అన్నాడు ఓస్ట్రోస్కీ మెల్లగా.

"ఎప్పుడూ ఆ పక్కకే," అంది సరయా.

ఒడెస్సా లేచి దగ్గరికెళ్లింది. దిండు ఒత్తిడికి జడ జరిగి పాపిడిని మూసేసింది. సంచిలోంచి దువ్వెన తీసి డాక్టరు వైపు చూసింది. డాక్టరు కానిమ్మన్నట్టు కాఫీ కప్పు ఊపింది. దువ్వెన తోకను జడ కిందికి పోనిచ్చి, అడ్డం పడిన ఒక్క పాయను పైకి లేపి, బొటనవేలితో పట్టుకుంది.

"ఇప్పుడు పెట్టు నాయనా."

తొమ్మిది పడింది. ఒడెస్సా వేలు ఇంకో వెంట్రుకవాసి జరిపింది. నాలుగు.

ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు పరీక్ష నడిచింది. సరయా చెప్పినప్పుడు కళ్లు మూసింది, చెప్పినప్పుడు తెరిచింది, కాగితం గాలిమరను ఊది తిప్పింది. డాక్టర్ హాలరన్ కాఫీ ఎక్కడో పెట్టేసి తెర ముందు కూర్చుంది. చివర్లో ఒడెస్సా వైపు తిరిగింది.

"మొదటి పద్దెనిమిదీ నేను ఎప్పుడూ చూసేటంత శుభ్రంగా ఉన్నాయి. పంతొమ్మిదోది ఇంకా శుభ్రంగా ఉంది. మీరు ఈ గదిలో ఉద్యోగం చేస్తారా?"

"నా దుకాణంలో కుర్చీకి ఇంతకంటే మంచి దిండుంది డాక్టర్. ఆలోచించి చెప్తా."

జిగురు పాపిడిలోనే ఉంది కాబట్టి వేడినీళ్ల గుడ్డతో పది నిమిషాల్లో పోయింది. శుక్రవారం సాయంత్రం ఎర్రపూసలు ఎక్కాయి. శనివారం మూడో వరుస ఎడమ చివర సరయా అడుగు వేసినప్పుడల్లా ఆ పూసలు టకటకమన్నాయి. ఆమె వంకర పాపిళ్లు చూసి మిగతా ఇరవై ఒక్క మందీ వాళ్లకూ అవే కావాలని ఒడెస్సా ప్రాణం తీశారు. రోడ్డువారన చూయ్ తన కొడుకును భుజాలమీద కూర్చోబెట్టుకుని, పిల్లవాడి చేతిలోని మొక్కజొన్న పొత్తు వెన్న నెత్తిన కారుతున్నా పట్టించుకోకుండా, సరయా పేరు పెట్టి కేకలేశాడు. వాళ్లావిడ కాగితం రుమాలు అందించింది. అతను దాన్ని జెండాలా ఊపాడు.

సెప్టెంబరు సమావేశంలో మూడో వాక్యం మీద గంటా పది నిమిషాలు చర్చ జరిగింది. ఫిలిస్ 'జడలు అనుమతించబడతాయి' అని రాసుకొచ్చింది.

"మీరు అనుమతించేదేంటి, తల వాళ్లది," అంది ఒడెస్సా.

చివరికి ఇలా తేలింది: 'జడలుంటే జడలతోనే రండి. కొత్తగా అల్లించుకోబోతుంటే ముందు మాకు ఫోను చేయండి, ఎక్కడ పాపిడి తీయాలో గుర్తు పెడతాం. పూసలు తర్వాత.' రాత్రి ఏ పక్కకు పడుకోవాలో కూడా రాయమని ఓస్ట్రోస్కీ అడిగాడు. పిల్లలు వినరని ఓట్లు వేసి తీసేశారు.

అక్టోబరు మొదటి సోమవారం పదింటికి ఒడెస్సా దుకాణంలో చుక్కలు పెట్టడం నేర్పుతున్నారు. ఓస్ట్రోస్కీ రెండు డజన్ల గుడ్డ టేపులు తెస్తున్నాడు. నగరమంతటి నుంచి జడలల్లేవాళ్లు ఇప్పటిదాకా పంతొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. దుకాణంలో కుర్చీలు తొమ్మిది. మిగతా పది చూయ్ తన లారీలో తెస్తానన్నాడు.