నీడల కొట్టం ఎవరిది

సభలకు పిలిస్తే నన్ను "ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలా రచయిత" అని పరిచయం చేస్తారు. పిలిచేది ఏడాదికి ఒకసారి, అదీ పెద్దవాళ్లెవరో రానన్నప్పుడు. సొంతంగా రాసినవి రెండు నవలలు. ఒకదాంట్లో చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కాలం ఆగిపోతుంది, ఒక బస్సులో ఉన్నవాళ్లు మాత్రం ముసలివాళ్లవుతుంటారు. రెండోది వేరే గ్రహం మీద నీళ్ల కోసం జరిగే లొల్లి. ఆ రెండింటి కట్టలూ ఉప్పుగూడలో మా మంచం కింద ఇప్పటికీ ఉన్నాయి, ఊడ్చేటప్పుడల్లా మా ఆవిడ వాటిని తిట్టుకుంటుంది. నాకు పేరు తెచ్చినవి సీరియల్ పుస్తకాలు.

సీరియల్ పుస్తకమంటే, టీవీలో నడిచే రాజుల, మాయల సీరియల్‌లోని పాత్రలతో ఆ కంపెనీ మాలాంటివాళ్ల చేత రాయించుకునే నవల. రాజును చంపకూడదు. రాణికి కొత్త పెళ్లి చేయకూడదు. కథ ఎంత దూరం పోయినా చివరి పేజీకల్లా అందరూ మొదట ఉన్నచోటికే వచ్చి నిలబడాలి. అద్దె ఇంట్లో కాపురం లాంటిది, గోడకు మేకు కొట్టనివ్వరు. అగ్రిమెంట్‌లో ఇంకో రెండు షరతులున్నాయి. పుస్తకంలో నేను కొత్తగా ఏం కల్పించినా అది కంపెనీ సొత్తు. అలా కల్పించినదంతా నా సొంత ఊహేనని, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదని నేను హామీ ఇవ్వాలి. చదివే సంతకం పెట్టాను.

మొదటి పుస్తకం బాగానే పోయింది. రెండోదానిలో సగానికి వచ్చేసరికి బుర్ర ఎండిపోయింది. రాణిని అడవిలో వదిలేసి పది రోజులు ఊరికే కూర్చున్నాను. ఆమెకు అక్కడ ఏదో ఒక వింత ఎదురుపడాలి, నాకేమో ఒక్కటీ తోచదు. అప్పుడు చిన్నప్పుడు మా అక్క చెప్పిన కథను బయటికి తీశాను.

మాది పాలు అమ్ముకుని బతికిన ఇల్లు. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలుండేవి. పొద్దున్నే అక్క పాలు పిండేది. నాకు ఏడేళ్లప్పుడు మా బాపు ఒక బర్రెను అమ్మేస్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్క నన్ను చెయ్యి పట్టి కొట్టంలోకి తీసుకెళ్లి, ఖాళీ గుంజ కింద నేలను చూపించింది.

"బర్రె పోయింది గానీ దాని నీడ ఈడనే ఉన్నది, సూడు. నీడల్ని ఎవ్వలూ కొనరు తమ్మీ," అంది.

ఆ రోజు నుంచి రోజుకింత చొప్పున కథ పెరిగింది. అమ్ముడుపోయిన పశువుల నీడలన్నీ ఒక కొట్టంలో చేరతాయి. అక్కడ ఒకామె ఉంటుంది. పొద్దు వాలి నీడలు పొడుగయ్యే వేళకు చెంబు పట్టుకుని వాటిని పిండుతుంది. ఆ నల్లటి పాలు తాగితే మనల్ని వదిలిపోయినవాళ్ల గొంతు వినబడుతుంది. పదో తరగతితో చదువు మానేసిన పిల్ల చెప్పిన కథ ఇది. ఇన్ని పుస్తకాలు రాసిన నేను దీనికి సాటి వచ్చే ఊహ ఒక్కటి చేయలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ కొట్టాన్ని ఎత్తుకెళ్లి రాణి దారిలో కట్టేశాను. నాలుగు అధ్యాయాలు ఊపిరి తీసుకోకుండా రాశాను. పుస్తకం వచ్చాక అందరూ దాని గురించే అడిగారు. "ఎలా తట్టింది సార్?" అంటే, "ఏదో అలా తట్టేసింది," అని నవ్వాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నా ధైర్యం కూడా అదే.

అక్క ఇప్పుడు చాంద్రాయణగుట్టలో, ఫ్లైఓవర్ పక్కన పాలూ పెరుగూ అమ్మే దుకాణం నడుపుతుంది. పోయినేడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని నవ్వుకుంటూ మా ఇంటికి వచ్చింది. నాకు చెప్పకుండా ఒక వారపత్రిక కథల పోటీకి కథ పంపిందట. పేరు "నీడలు పిండే ఆమె." కథతో పాటు అందరూ పంపే హామీపత్రం కూడా పంపింది: ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు.

పత్రికవాళ్ల మెసేజ్ చూపించింది. మీ కథ ఫలానా నవలకు నకలు. కాదంటే ఆ నవలా రచయిత నుంచి లేఖ తెచ్చి పంపండి. లేదా తప్పు ఒప్పుకుంటూ సంజాయిషీ రాయండి. రెండూ చేయకపోతే నకలు రాసినవారిగా మీ పేరు పత్రికలో వేస్తాం.

"గా రైటర్ నా తమ్ముడే అని వాళ్లకు తెల్వదు పాపం," అంది అక్క. "ఒక్క ముక్క రాసియ్యి, అయిపోతది."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"అయితే నీ బుక్కుల మన నీడల ముచ్చట ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నదక్కా."

ఆమె ముఖం వెలిగింది. "యాదికున్నదా నీకు! నువ్వు ఎప్పుడో మర్శిపోయినవ్ అనుకున్న."

తిట్టినా బాగుండేది. ఆమె సంతోషపడింది, నాకు తల కొట్టేసినట్టయింది.

అగ్రిమెంట్ సంగతి చెప్పాను. "నీ కథ అని రాసిస్తే కంపెనోళ్లు నా మీద కేసేస్తరక్కా. ఇంకో పుస్తకం గూడ ఇయ్యరు."

కేసు వేస్తారో లేదో నాకు తెలియదు. ఎవర్నీ అడగలేదు. ఫోన్ చేసి ఉన్న మాట చెబితే సర్దుకునేవాళ్లేమో కూడా. మూడో పుస్తకం మాట నడుస్తోంది, నిజమే. కానీ అసలు భయం వేరే ఉంది. నలుగురూ మెచ్చుకున్న ఆ ఒక్క ఊహా నాది కాదని తెలిసిపోతుంది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అక్క ఫోన్ ఆర్పి పక్కన పెట్టింది.

"నాదేమున్నది తమ్మీ, పెరుగు అమ్ముకునేదాన్ని. నీ పేరు ఖరాబు కావద్దు," అంది. "గా సంజాయిషీ ఏమని రాయాల్నో నువ్వే చెప్పు. నాకు గా భాష రాదు."

కాగితం, పెన్ను తెచ్చి ఇచ్చాను. "గౌరవనీయులైన సంపాదకులకు" అని మొదలుపెట్టి ఒక్కో వాక్యం చెప్పాను, ఆమె వంగి కూర్చుని రాసింది. మంచి భాష. ఎక్కడ పేరా మార్చాలో కూడా చెప్పాను. "పై నవల చదివి, అందులోని ఊహకు ఆకర్షితురాలినై, తెలియక నా కథలో వాడుకున్నాను" అన్న చోట ఆమె పెన్ను ఆగింది.

"చదివిన అని రాయాల్నా? గా బుక్కు నువ్వు నాకియ్యనే లేదు గదరా."

నిజమే. అచ్చయిన ప్రతి పుస్తకమూ ఆమెకు ఇచ్చాను, అదొక్కటి తప్ప.

"రాయక్కా," అన్నాను.

రాసింది.