మా అమ్మ ముక్కు, పెద్దమ్మ ముక్కు

రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. నేను మొయినాబాదు దగ్గర మిషన్ బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఒకరోజు పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మనుషుల శరీరాలనూ ఆచారాలనూ పరిశోధించే శాస్త్రం ఆయనది. ఆయనకు తెలుగు రాదు, మావాళ్లకు ఉర్దూ అంతంతమాత్రం. రెండూ వచ్చినదాన్ని కాబట్టి మాటలు అటూ ఇటూ చేరవేసే పని నా మీద పడింది.

ఆయన చేతిలో పట్టకారులాంటి ఇనుప సాధనం చూసి జనం దగ్గరికి రాలేదు. చివరికి మా అమ్మను బతిమాలి బడి అరుగు మీద కూర్చోబెట్టాను. అక్కడికి దగ్గర్లోని ప్రొద్దుటూరు నుంచి మమ్మల్ని చూడవచ్చిన పెద్దమ్మ తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. పెద్దమ్మ అత్తవారింటికి వెళ్లిన తర్వాత మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు. అందుకే పెద్దమ్మ నుదుట బొట్టుంది, మా అమ్మకు లేదు.

"జంతువులు తరతరాలుగా మారినట్టే మనుషుల ఆచారాలూ మారుతూ వచ్చాయి. ఏది ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలి" అన్నాడాయన. నేను తెలుగులో చెప్పాను.

"మనం జంతువులమా?" అంది అమ్మ. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు.

ముక్కులు, నుదుళ్లు కొలిచాడు. ఇద్దరివీ ఒకటే. పిల్లలకు అమ్మవారు పోస్తే ఏం చేస్తారని అడిగాడు.

"గడపకు యాపకొమ్మ కడతం" అన్నారిద్దరూ ఒక్కసారే.

అమ్మ గతుక్కుమంది. పాస్టరుగారు విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

"ఎందుకు?" అన్నాడాయన.

"తల్లి సల్లగ సూడాలెనని" అంది పెద్దమ్మ.

"మా అవ్వ కట్టేది, నేనూ కడుతున్న. ఎందుకంటే ఏం జెప్పాలె?" అంది అమ్మ.

వేపకొమ్మ రక్తంలో వచ్చిందనుకుంటే బొట్టు ఎట్లా పోయింది? నేర్చుకుంటే వచ్చిందనుకుంటే, ప్రార్థన నేర్చుకున్నాక వేపకొమ్మ ఎందుకు పోలేదు? ఆయన్నే అడిగాను.

"నాకూ అదే అర్థం కావడం లేదు" అన్నాడు.

అంత చదువుకున్నవాడు అట్లా అనేసరికి నాకు దిక్కు తోచలేదు. ఆయన సామాను సర్దుకుని పట్నం బస్సెక్కాడు.

ఇంటికి నడుస్తుంటే అమ్మ అడిగింది. "కొలిచి కొలిచి ఏం తేల్చిండు?"

"ఏమోనే అవ్వా, నాకు సమఝ్ కాలే."

"గంతసేపు మాట్లాడినవు గద బిడ్డా?"

"మాట్లాడిన. మీ మాటలూ, ఆయన మాటలూ అన్నీ నేనే చెప్పిన. అయినా సమఝ్ కాలే."

పెద్దమ్మ పకపకా నవ్వింది. అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా తన ముక్కు తడుముకుంటూనే ఉంది.