పిండిలో పడిన అడుగు

కల్పించి చెప్పే ఓపిక నాకు లేదు. పోయింది మా అన్న. అన్న పేరు మీద దయ్యం కథ అల్లేంత సరదా నాకు ఎప్పటికీ రాదు. జరిగింది జరిగినట్టే చెబుతాను. తెలియనిచోట తెలియదనే అంటాను...

అప్పటికి నేను థాయిలాండ్‌లో ఒక చిన్న ఊళ్ళో ఇంగ్లీషు టీచరుని. వెళ్ళి మూడు నెలలు కూడా కాలేదు. ఎం.ఏ. చదివి, ఇక్కడ ఇబ్రహీంపట్నం ప్రైవేటు బడుల్లో రెండేళ్ళు చెప్పి, ఇక చాలనుకుని వెళ్ళాను. వెళ్తానన్నప్పుడు అన్న నవ్వాడు.

"నీ ఇంగ్లీషు మనూర్లనే ఎవ్వలికి సమజ్ కాదు. గాడ పోయి ఎవ్వలికి చెప్తవే?"

నవ్వాడు గాని, విమానాశ్రయానికి సెలవు పెట్టి వచ్చాడు. సంచులు నన్ను ముట్టుకోనివ్వలేదు.

అక్కడి పిల్లలు మంచివాళ్ళు. పెద్దవాళ్ళ సంగతి వేరు. పొద్దున గేటు దగ్గర తల్లిదండ్రులకు నమస్కారం పెట్టడానికి టీచర్లను వరసగా నిలబెట్టేవారు. ముందు వరసలో ఒక తెల్లజాతి కుర్ర టీచరు. అతను రాసుకున్న పాఠాల్లో తప్పులు దిద్దేది నేనే. నా చోటు వెనక, చెట్టు కింద. మొదటి వారం బాధపడ్డాను. రెండో వారం నుంచి చెట్టు కింద నీడ ఉందని తృప్తిపడటం నేర్చుకున్నాను. కుదురుకోవడం అంటే ఇదేనేమో అనుకున్నాను.

అన్న ఆదిభట్లలో కంపెనీ బస్సు నడిపేవాడు. సాయంత్రం అందరినీ దింపి, బస్సు పెట్టి, నాకు ఫోన్ చేసేవాడు. రోజూ. "ఏం తిన్నవ్? అన్నమేనా? ఉప్పు కారం ఉన్నదా అండ్ల?" ఇవే ప్రశ్నలు. ఒకరోజు బడిలో మాట పడి వచ్చాను. ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఫోన్ మోగింది.

"రోజూ చేస్తే నేనీడ ఎట్ల కుదురుకుంట అన్నా? జర నన్ను ఇడిసిపెట్టు."

"సరే తియ్యి. ఇగ నీకే బుద్ధి పుట్టినప్పుడు చెయ్యి. నేనైతే చెయ్య" అన్నాడు.

తొమ్మిది రోజులు అతను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. పదో రోజు వదిన చేసింది. రావిర్యాల దాటాక అన్నకు గుండెలో నొప్పి వచ్చిందట. బస్సు పక్కకు తీసి ఆపాడు. లోపల ఉన్నవాళ్ళు డ్రైవరు ఎందుకు ఆపాడా అని చూసేసరికి... అయిపోయింది.

ఆఫీసుకు పరిగెత్తాను. చావుకు సెలవు ఇస్తారు గాని తల్లి, తండ్రి, భర్త, పిల్లలు మాత్రమే ఆ జాబితాలో ఉన్నారు. అన్న లేడు. పైగా నా పాస్‌పోర్టు వీసా పనిమీద ఇంకో ఊళ్ళో ఉంది, వారానికి గాని రాదు. గుమాస్తా ఇదంతా చెప్పి నవ్వింది. అక్కడ విచారంలోనూ నవ్వుతారని అప్పటికి నాకు తెలియదు. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.

అన్నను సాగనంపడం ఫోన్‌లో చూశాను.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మూడో దినానికి ముందు రాత్రి, శవాన్ని పడుకోబెట్టిన చోట పిండి పలచగా పరుస్తారు. మీద గంప బోర్లిస్తారు. పోయినవాళ్ళు ఒకసారి ఇంటికి వస్తారని, పొద్దున పిండిలో గుర్తు కనిపిస్తుందని నమ్మకం. ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఈడ నేను పరుస్తున్న. నువ్వు గూడ పిండి పరిచిపెట్టు శైలా."

"ఈడెందుకు వదినా?"

"నువ్వు మాట్లాడతలెవ్వని మస్తు రంధి పెట్టుకున్నడు. ఆయనకు యాడికి రావాలనుంటదో నాకేమెరుక?"

నాకు అలాంటి నమ్మకాలు లేవు. చదువుకున్న పుస్తకాలన్నీ అలాంటివి లేవనే చెప్పాయి. అయినా పక్క గది తలుపు తట్టాను. అందులో లెక్కల టీచరు ప్రసన్న ఉండేది. వాళ్ళది కోస్తా వైపు కుటుంబం, హయత్‌నగర్‌లో స్థిరపడ్డారు.

"కొంచెం బియ్యప్పిండి ఉందా?"

"ఉందండీ. ఈ వేళప్పుడు ముగ్గేస్తారా ఏంటి?" అని, నా ముఖం చూసి నాలుక కరుచుకుంది. డబ్బా మొత్తం ఇచ్చేసింది.

తలుపు పక్కన నేల మీద పరిచాను. గంప లేదు. మాసిన బట్టలు వేసే ప్లాస్టిక్ బుట్ట బోర్లించాను. దీపం ఆర్పి పడుకున్నాను. అన్న పోయాడని విన్నప్పటి నుంచి నిద్ర లేదు. ఈ మాట దాచను.

ఆ ఊళ్ళో గోడల్లో పెద్ద బల్లులుంటాయి. రాత్రంతా గట్టిగా అరుస్తాయి. తొక్కే... తొక్కే... మొదట్లో భయపడేదాన్ని. తర్వాత అలవాటైంది. ఆ రాత్రి కూడా అరుస్తోంది. నేను లెక్కపెడుతున్నాను. నాలుగు... ఐదు...

ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రమే. తర్వాత బయట వరండాలో... చెప్పులు. నెమ్మదిగా. ఎవరో చాలాసేపు కూర్చుని లేచినట్టు, కాళ్ళు పట్టేసినట్టు నడక. నా తలుపు ముందు ఆగింది.

ఒక చెప్పు విడిచిన చప్పుడు. గోడకు తగిలింది.

రెండోది వినపడలేదు. అన్న అంతే. డ్యూటీ నుంచి వచ్చి ఒక చెప్పు కాలితో గోడకు తన్ని, గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, అప్పుడు రెండోది విడిచేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ మధ్య ఖాళీ నాకు తెలుసు...

రెండోది పడింది.

తలుపు తెరుచుకోలేదు. అది మాత్రం ఖాయంగా చెప్పగలను. కాని బుట్ట నేలకు రాసుకున్న చప్పుడు గది లోపలే వినిపించింది. "అన్నా" అన్నాను. అన్నాననే గుర్తు. లేచానో... లేవాలనుకున్నానో... అక్కడి నుంచి నాకేమీ గుర్తు లేదు.

తెల్లారాక చూశాను. బుట్ట గోడ వారన పడి ఉంది. పిండిలో అడుగు. ఒకటే. ఎడమ కాలు. వేళ్ళు తలుపు వైపు ఉన్నాయి. నా మంచం వైపు వచ్చిన అడుగు లేదు. వెళ్ళినదే ఉంది.

బయట ప్రసన్న బ్రష్ నములుతూ నిలబడింది. "రాత్రి మీ గదికి ఎవరైనా వచ్చారాండీ? చెప్పుల చప్పుడు వినపడితేనూ..." ఆ వరండాలో నాలుగు గదులు. ఎవరివైనా కావచ్చు. ఆమె కూడా అదే అంది. నా తలుపు ముందు నా చెప్పులు తప్ప వేరేవి లేవు.

గదిలోకి వచ్చి ఒక పని చేశాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. ఫొటో తియ్యాల్సింది, స్కేలు పెట్టి కొలవాల్సింది. టీచరుని, ఆ మాత్రం తెలియదా? నేను మాత్రం అది నాదేనా అని చూడటానికి... నా కాలు దాని మీద పెట్టాను.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఈడేం పడలె శైలా" అంది వదిన. "పోసిన పిండి పోసినట్లే ఉన్నది. పోరగాండ్లు గూడ సూసిన్రు. నీ తాన?"

"ఏదో అడుగు ఉన్నది వదినా."

"పెద్దదా, చిన్నదా? మంచిగ సూసి చెప్పు."

కాలు తీశాను. అంచులు చెదిరిపోయాయి. కాలు పెట్టకముందు అది నా కాలికంటే పెద్దదే అనిపించింది. అనిపించింది, అంతే. పెద్దదంటే అన్న నా దగ్గరకు వచ్చాడు. నా మీద కోపం పెట్టుకుని పోలేదు. నాకు కావలసింది అదొక్కటే. కాని పెద్దదంటే... ఆ ఇంటికి, వదిన దగ్గరకు, పిల్లల దగ్గరకు రాలేదు.

"చిన్నదే వదినా" అన్నాను. "నాదే. రాత్రి నిద్రల లేచినట్లున్న."

వదిన చాలాసేపు ఏడ్చింది. అది ఊరటో, ఇంకేమిటో నేను అడగలేదు. ఏడాదికి తిరిగొచ్చాను. ఇప్పుడు వదిన, పిల్లలతో ఈ ఇంట్లోనే ఉంటున్నాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పొద్దున ఆమెకు నిజమే చెప్పానో, అబద్ధమే చెప్పానో... నాకు ఇప్పటికీ తెలియదు.