కింద గీత గీయండి

మా బడి ప్రహరీ గోడ మీద నిలువెత్తు ఇంగ్లీషు అక్షరాలతో 'స్వయంగా ఆలోచించు' అని రాసి ఉంటుంది. దాని పక్కనే రేకు బోర్డు మీద 'ఇక్కడ నిలబడరాదు' అని తమిళంలో ఉంటుంది. రెండూ రాయించింది ఒకే మనిషి, మా ప్రిన్సిపాల్. ఏడేళ్లుగా హోసూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి ఆ గోడ ముందు దిగుతున్నాను. మొదటి ఏడాది నవ్వొచ్చేది. తరువాత అదీ పోయింది.

నేను పదకొండు, పన్నెండు తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. చెబుతాను అనడం గొప్పకే. నిజానికి నేను నోట్సు చదువుతాను, పిల్లలు రాసుకుంటారు. ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు, ప్రతి జవాబులో ఐదు పాయింట్లు, పాయింటుకు ఒక మార్కు. పేపర్లు దిద్దేటప్పుడు 'కీ' అనే కాగితం పక్కన పెట్టుకుని, పాయింటు కనిపించిన చోటల్లా టిక్కు పెట్టుకుంటూ పోవాలి. జవాబు చదవనక్కరలేదు. చదువుతూ కూర్చుంటే ఆలస్యమవుతుందని ప్రిన్సిపాల్ ఒక మీటింగులో చెప్పాడు కూడా. ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఇంగ్లీషు కూడా ఒక రకం ఎక్కాల పుస్తకమేనని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి బడిలో, రెండేళ్ల కిందట, నేను ట్రాన్సెండెంటలిజం చెప్పాల్సి వచ్చింది. ఆ పేరు సరిగ్గా పలకడానికే మా క్లాసుకు ఒక పీరియడు పట్టింది. విషయం మాత్రం పెద్ద కష్టమైంది కాదు. రెండు వందల ఏళ్ల కిందట అమెరికాలో కొందరు పెద్దమనుషులు అనుకున్నారు: సత్యం కోసం గురువుల దగ్గరికీ గుంపుల దగ్గరికీ పోనక్కరలేదు, అది ఎవరి లోపల వాళ్లకే ఉంది, చెట్టూ చేమల మధ్య ఒంటరిగా కూర్చుంటే వినిపిస్తుంది, తక్కువతో బతకాలి, నలుగురూ నడిచారు కదా అని ఆ దారినే నడవకూడదు. దీన్ని, ఒకే రంగు సాక్సులు వేసుకుని, ఒకే రకంగా జడలు మడిచి కట్టుకుని, బెల్లు కొడితే లేచి బెల్లు కొడితే కూర్చునే నలభై రెండు మందికి, వారం రోజుల్లో, నేను బోధించాలి.

ఒకప్పుడు ఈ భావాలంటే నాకు ప్రాణం. ఆ సంగతి దాచుకోవడం అనవసరం. కృష్ణగిరిలో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి కాలేజీ చదివాను. రెండు గదులు, తొమ్మిది మంది మనుషులం. స్నానాల గదిలో తప్ప నేను ఒంటరిగా ఉన్న గుర్తు లేదు, అక్కడా ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉండేవాళ్లు. కాలేజీ లైబ్రరీలో ఏకాంతం మీద రెండు పేజీలు చదివి, ఆకలైనవాడు హోటలు ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాను. ఆ పుస్తకం మొత్తం మాత్రం ఇప్పటికీ చదవలేదు. పాఠం చెప్పడానికి గైడు సరిపోయింది.

పాఠంతోపాటు 'ప్రకృతి పీరియడు' ఒకటి ఉండాలని పైనుంచి ఉత్తర్వు. పిల్లలను ఆరుబయటికి తీసుకుపోయి, ఒక్కొక్కరినీ ఒంటరిగా కూర్చోబెట్టి, మనసుకు తోచింది రాయించాలి. మా బడికి ముందు పచ్చగడ్డి ఉంది. అది ప్లాస్టిక్ గడ్డి. దాని మీద ఎవరూ అడుగు పెట్టకూడదు, రంగు పోతుంది. కాబట్టి నలభై రెండు మందీ గడ్డి చుట్టూ ఉన్న సిమెంటు దారి మీద చేతికి చేయి తగిలేంత దగ్గరగా వరుసగా కూర్చుని ఏకాంతం అనుభవించారు. పి.టి. మాస్టారు మాట్లాడిన వాళ్ల మీద ఈల వేశాడు. ప్రిన్సిపాల్ ఫోనుతో ఫొటోలు తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. పెట్టిన అరగంటలో వందమంది నమస్కారాలు పెట్టారు.

మరుసటి రోజు నోట్సు చెప్పాను. ఐదో పాయింటు: ఎవరి మనసు చెప్పింది వాళ్లు వినాలి, మంది మాట కాదు. ముఖ్యమైనది కాబట్టి, చదివే ఊపులోనే, 'దీని కింద గీత గీయండి' అన్నాను, ఇంగ్లీషులోనే. నలభై రెండు తలలు వంగి రాసుకున్నాయి.

నెల తరువాత పరీక్ష పెట్టాం. దిద్దడానికి కూర్చుంటే మొదటి పేపర్లో ఇలా ఉంది: 'ఎవరి మనసు చెప్పింది వాళ్లు వినాలి, మంది మాట కాదు, దీని కింద గీత గీయండి.' పొరపాటున రాశాడనుకున్నాను. రెండో పేపర్లోనూ ఉంది, మూడో దాంట్లోనూ ఉంది. నలభై ఒక్కమంది, వాళ్లలో డాక్టర్లు కాబోయేవాళ్లూ ఇంజనీర్లు కాబోయేవాళ్లూ ఉన్నారు, స్వతంత్రంగా ఆలోచించడం ఎలాగో రాస్తూ, గీత గీయమని నాకు ఆజ్ఞ ఇచ్చారు. గీత మాత్రం ఒక్కరూ గీయలేదు. ఆ ముక్కకు తలా అర మార్కు కోశాను. వాళ్ల మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. వాళ్లను అసహ్యించుకోవడం సులువు కూడా. నోట్సు చెప్పింది నేనే కదా.

నలభై రెండో పేపరు కృష్ణగిరి అవతల కల్లావి అనే ఊరి వైపు నుంచి వచ్చిన పిల్లది. గొర్రెలు మేపే తెలుగు కుటుంబం. పదో తరగతి దాకా ఊళ్లోనే తమిళ మీడియంలో చదివి, మంచి మార్కులు వచ్చినందుకు మా బడిలో సీటు తెచ్చుకుని, హాస్టల్లో ఉంటోంది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చుంటుంది. ఆమె ఇంగ్లీషు కుంటుతుంది. కానీ ఆ కుంటి ఇంగ్లీషులో ఆమె రాసిన జవాబుకు నా తెలుగు ఇది: 'మా తాత గొర్రెలతో కొండల్లో నెలల తరబడి ఒంటరిగా ఉండేవాడు. ఆయన చుట్టూ చెట్లే. ఆయనకు సత్యం దొరకలేదు. ఇంటికి వచ్చినప్పుడు మాటలు తడుముకునేవాడు. మేము భోజనానికి కూర్చుంటే మధ్యలో వచ్చి కూర్చునేవాడు, ఎవరి మోచేయైనా తగులుతూ ఉండాలి ఆయనకు. ఒంటరితనం కావాలి అని అడిగేవాళ్లకు ఇంట్లో చాలామంది ఉండి ఉంటారు.'

పెన్ను కింద పెట్టేశాను. కృష్ణగిరిలో ఆ రెండు గదులు, ఆ తొమ్మిది మంది, స్నానాల గది తలుపు, అన్నీ ఈ పిల్లకెలా తెలిశాయి? అప్పటికి ఐదేళ్లలో ఒక్క పేపరు నన్ను చూసి మాట్లాడింది. కీ ప్రకారం ఆ జవాబులో ఒక్క పాయింటూ లేదు. నేను ఐదుకు ఐదు వేశాను. పక్కన 'బాగుంది' అని కూడా రాశాను. చాలా గొప్ప పని చేసినట్టు అనిపించి, ఆ సాయంత్రం ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను.

నవ్వు శనివారం దాకా ఉంది. ఆ రోజు తల్లిదండ్రుల మీటింగు. పేపర్లు చేతికిస్తారు, వాళ్లు సంతకం పెడతారు. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేసే ఒక తండ్రి తన కొడుకు పేపరే కాదు, పక్కవాళ్ల పేపర్లు కూడా చూసి వచ్చాడు.

"మా వాడు అయిదు పాయింట్లూ రాశాడండీ. వాడికి నాలుగున్నరేంటండీ? ఆ అమ్మాయి ఒక్క పాయింటూ రాయలేదు. వాళ్ల తాత గొర్రెల గురించి రాసింది. అయిదుకి అయిదా?"

"ఆ అమ్మాయి స్వయంగా ఆలోచించిందండీ," అన్నాను.

"ఆలోచించమనండి, నేను వద్దన్నానా? పరీక్షలో ఎందుకండీ?" అన్నాడు ఆయన. మనిషి వెటకారం ఆడలేదు, నిజంగానే అడిగాడు.

అరగంటలో నన్ను ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. ఆ పేపరు ఆయన టేబుల్ మీద ఉంది. కీ కాగితం దాని పక్కనే ఉంది.

"ఏమమ్మా ఇది? పాయింట్లు యాడ ఉండాయి?" అన్నాడు.

"పాయింట్లు లేవు సార్. కానీ ఆ పిల్ల రాసింది చదివి చూడండి."

"చదివేది ఏంటికమ్మా? ఈ పిల్లకు ఐదు ఇస్తే రేపు నలభై మంది వాళ్ల తాతల కత రాస్తారు. పాఠం నువ్వే చెప్పినావు, కీ నువ్వే ఇచ్చినావు. ఇప్పుడు నీ కీ నువ్వే తప్పంటావా?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. మంది మాట వినకూడదని వారం రోజులు గొంతు పోయేలా చెప్పినదాన్ని. ఆ గదిలో మంది అంటే ఇద్దరే, ఆయనా ఆయన కుర్చీ వెనకున్న ఫ్యానూ. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఇచ్చాడు. ఐదు కొట్టేసి సున్నా వేశాను, పక్కన పొట్టి సంతకం పెట్టాను. 'బాగుంది' అన్న మాటను కూడా కొట్టేయమన్నాడు. కొట్టేశాను.

సున్నా అంటే సున్నాతో పోదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పదకొండులో ఇంగ్లీషు మార్కులు తగ్గినవాళ్లను మా బడి పన్నెండులోకి పంపదు. పబ్లిక్ పరీక్షలో ఒక్కరు తప్పినా ఫ్లెక్సీ బోర్డు మీద నూటికి నూరు అని వేసుకోలేరు. అందుకని బలహీనంగా ఉన్నవాళ్లను ముందే పిలిచి, టి.సి. చేతికిచ్చి, మీ మంచికే అని చెప్పి పంపేస్తారు. ఆ పిల్లకు టి.సి. ఇస్తే మళ్లీ కల్లావి వైపు బస్సే.

సోమవారం మధ్యాహ్నం ఆమెను మెట్ల దగ్గరికి పిలిచాను. బడిలో తెలుగు మాట్లాడకూడదు. మెట్ల కింద కెమెరా లేదు కాబట్టి అక్కడ మాట్లాడవచ్చు.

"నీ నోట్సు చూపియ్యమ్మా," అన్నాను. నా నోటికి కూడా మా వైపు యాస అక్కడే వస్తుంది.

చూపించింది. ఐదో పాయింటు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన తిన్నటి గీత. 'దీని కింద గీత గీయండి' అన్న మాటలు లేవు. క్లాసు మొత్తంలో నేను చెప్పింది అర్థం చేసుకుని గీత గీసింది ఆ పిల్ల ఒక్కతే.

"నోట్సు ఇంత బాగా పెట్టుకున్నావు, అదే రాయొచ్చు కదా?"

"మీరే కదా మేడమ్ చెప్పినారు, మన మనసుకు తోచింది రాయమని? అందుకే రాసినాను. తప్పా?"

"తప్పు కాదు."

"మల్ల సున్నా యాల వేసినారు? ముందు ఐదు వేసినారు. కొట్టేసింది కనపడతా ఉండాది."

ప్రిన్సిపాల్ మీదికి తోసేయొచ్చు. టి.సి. సంగతి చెప్పి భయపెట్టొచ్చు. నేను రెండూ చేశాను. చివరికి, "అది పాఠమమ్మా, ఇది పరీక్ష. పాఠంలో ఎట్లన్నా ఆలోచించు. పరీక్షలో మాత్రం నేను చెప్పినట్టే రాయి, ఒక్క మాట పోకుండా," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి పెద్దమనిషిని అనిపించుకునేదాన్ని.

"ఒక్క మాట పోకుండానా మేడమ్?" అంది.

"ఒక్క మాట పోకుండా."

"సరే మేడమ్," అని వెళ్లిపోయింది.

వార్షిక పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అది రావడంలో నా చేయి ఉంది. ఆ పిల్ల సీటు నిలబెట్టడానికి నాకు తోచిన ఒకే ఒక దారి అది, దాన్ని ధైర్యం అనుకోవడానికి కూడా ప్రయత్నించాను. ఆ 'గీత గీయండి' మాటలు నోట్సులోంచి కొట్టేయమని అప్పటికే క్లాసులో చెప్పాను. సగం మంది కొట్టేశారు. మిగతా సగం మంది మళ్లీ రాశారు.

ఆమె పేపరు కోసం కట్టలో వెతకలేదు, వరుసగానే దిద్దుకుంటూ వచ్చాను. జవాబు తెరిచాను. మొదటి పాయింటు ఉంది. రెండోది, మూడోది, నాలుగోది నా మాటల్లోనే, నేను కామా పెట్టిన చోట కామాతో సహా ఉన్నాయి. తాత లేడు. కొండలు లేవు. చివర రాసి ఉంది: 'ఎవరి మనసు చెప్పింది వాళ్లు వినాలి, మంది మాట కాదు, దీని కింద గీత గీయండి.'

ఆ మాటలు ఆమె నోట్సులో ఎప్పుడూ లేవు. చివరి నాలుగు మాటల కింద, కేవలం ఆ నాలుగింటి కిందే, స్కేలు పెట్టి తిన్నగా ఒక గీత గీసి ఉంది.

క్లాసు పిల్లల మీద, ప్రిన్సిపాల్ మీద, ఆ అమెరికా పెద్దమనుషుల మీద నాకున్న చిన్నచూపంతా ఆ ఒక్క గీతలో కూర్చుని నా వైపు తిరిగి చూసింది. నా ముఖం వేడెక్కింది. స్టాఫ్ రూములో పక్కన కూర్చున్న సైన్సు టీచరు, ఏమైంది మేడమ్ అని అడిగితే ఎండ అన్నాను.

కీ ప్రకారం ఐదు పాయింట్లూ ఉన్నాయి. ఐదు టిక్కులు పెట్టి, ఐదుకు ఐదు వేశాను. ఈసారి ఎవరూ గొడవ చేయలేదు. ఆ పిల్లకు పన్నెండులో సీటు దొరికింది, మూడో బెంచీలోనే, గోడ పక్కనే కూర్చుంది. నేను నోట్సు చెబితే ఒక్క మాట పోకుండా రాసుకునేది. తల ఎత్తి మాత్రం నా వైపు చూసేది కాదు.